పహాణీలో పేరు లేని ముత్తవ్వ

మా ఇంటి వంశక్రమాన్ని ఒకచోట రాసి పెట్టాలన్న ఆలోచన బాపు, అంటే మా నాన్న, చనిపోయిన ఏడాది, ఆయన పేరు మీది భూమికి విరాసత్ చేయించడానికి, అంటే దాన్ని వారసుల పేరుకు మార్పించడానికి, వారసుల పేర్లు వరుసగా రాయవలసి వచ్చినప్పుడు నాకు కలిగింది. అవ్వ (మా అమ్మ) పేరు, అన్న పేరు, నా పేరు, చెల్లె పేరు రాయడానికి ఎంతసేపూ పట్టలేదు. అయితే ఆ దరఖాస్తుకు జత చేయవలసిన కాగితాల కోసం పాత సందుగ తెరిచినప్పుడు తాత పేరుతో, తాత తండ్రి పేరుతో, ఇంకా వెనుకటివారి పేర్లతో ఉన్న ఒక కట్ట బయటపడింది. వాటిలో సగానికి పైగా ఉర్దూలో ఉండడం వల్ల ఎవరు ఎవరికి ఏమవుతారో ఇంట్లో ఎవరమూ చెప్పలేకపోయాము. పెండ్లయిన నాటి నుంచి హనుమకొండలో ఉంటున్న నేను, అన్నను అడిగి ఆ కట్టను నాతో తెచ్చుకున్నాను. అప్పటి నుంచి ఈ పని నన్ను వదలలేదు.

మాది పాత పరకాల తాలూకాలో చలివాగుకు దగ్గరగా ఉన్న ఊరు. వంశాన్ని వెతికేవారు ముందుగా తమ ఊరు ఏ కాలంలో ఏ జిల్లా కింద ఉండేదో తెలుసుకోవడం అవసరం. పరకాల నిజాం కాలంలో కరీంనగర్ జిల్లాలో ఉండేది. తర్వాత వరంగల్ జిల్లాలోకి వచ్చింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మేము వరంగల్ రూరల్ జిల్లా వాళ్ళమయ్యాము. 2021లో హనుమకొండ జిల్లాలో చేరాము. మా ఆడపడుచులను ఇచ్చిన రేగొండ, మొగుళ్ళపల్లి దిక్కు ఊళ్ళు మాత్రం జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వెళ్ళాయి. ఊరు కదలకుండా ఉన్నచోటనే ఉన్నా దాని దస్త్రాలు ఎన్ని చేతులు మారి ఉంటాయో దీన్నిబట్టి ఊహించవచ్చు.

తెలంగాణలో భూమి ఉన్న ఇంటికి కాగితం మీది చరిత్ర సాధారణంగా సేత్వార్‌తో మొదలవుతుంది. సర్వే జరిగి, ప్రతి చెలకకూ ప్రతి మడికీ నంబరు పడి, శిస్తు నిర్ణయమైనప్పుడు తయారైన మూల రిజిస్టరు అది. హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసిన తర్వాత 1954-55లో రాసిన ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో రాసే లెక్కను పహాణీ అంటారు), దాని వెంట 1955-58 నాటి చేసాల పహాణీ, అటుపైన ఏటేటా రాసుకుంటూ వచ్చిన పహాణీలు మిగతా కథను చెబుతాయి. 2020లో ధరణి అనే భూరికార్డుల వెబ్‌సైటు, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చాక ఇప్పటి యజమాని పేరు ఫోనులోనే కనిపిస్తున్నది గాని, ముత్తాతల పేర్ల కోసం వెళ్ళేవారికి పాత పహాణీల నకళ్ళే దిక్కు. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయ్యేంతవరకు ఊరి లెక్కలన్నీ పట్వారీల చేతుల్లోనే ఉండేవి. అవి అక్కడి నుంచి కార్యాలయాలకు చేరేసరికి కొన్ని చెదిరిపోయాయి. మాకు కావలసిన ఒక సంపుటి మధ్య పుటలను చెదలు తినేశాయి. మిగిలినవి దొరికినంతలో, మీసేవలో దరఖాస్తు పెట్టి, ఒక్కొక్కటే తెప్పించుకున్నాను.

కాగితాలు చేతికి వచ్చిన తర్వాత అసలు చిక్కు మొదలైంది. మా దిక్కు పాత పేర్లన్నీ దేవుళ్ళ పేర్లే. ఐనవోలు మల్లన్న మొక్కుతో పుట్టినవారు ఐలయ్యలు, కొమురవెల్లి మల్లన్న మొక్కుతో పుట్టినవారు కొమురయ్యలు, వేములవాడ రాజన్న పేరిట రాజయ్యలు, కురవి వీరన్న పేరిట వీరయ్యలు, మేడారం తల్లుల పేరిట సమ్మయ్యలు, సారయ్యలు, సమ్మక్కలు, సారక్కలు. దీనికి తోడు తాత పేరును మనుమడికి పెట్టడం ఆచారం. మా ఇంట్లో ఈ రెండూ కలిసి, కొన్ని తరాల పాటు ఐలయ్య కొడుకు కొమురయ్య, కొమురయ్య కొడుకు ఐలయ్య అన్న వరుస తప్పకుండా సాగింది. బాపు పేరు కొమురయ్య, తాత పేరు ఐలయ్య, తాత తండ్రి పేరు కొమురయ్య, ఆయన తండ్రి పేరు మళ్ళీ ఐలయ్య. మా అన్నకు వేరే పేరు పెట్టడంతో ఆ వరుస అక్కడికి ఆగింది.

ఉర్దూ కాగితాల్లో ఫలానావారి కొడుకు అనడానికి ‘వల్ద్’ అని రాస్తారు. 1954-55 ఖాస్రా పహాణీలో ‘ఐలయ్య వల్ద్ కొమురయ్య’ అని ఉన్నది. సందుగలో దొరికిన ఒక విరాసత్ నకలులోనూ ‘ఐలయ్య వల్ద్ కొమురయ్య’ అనే ఉన్నది. రెండూ ఒకే మనిషివి అనుకుంటే లెక్క సరిపోదు, ఎందుకంటే ఆ నకలులోని ఐలయ్య అప్పటికే ఫౌతీ అయినట్టు, అంటే చనిపోయినట్టు, అందులోనే రాసి ఉన్నది. నకలు మీద ఫసలీ 1329 అని ఉన్నది. ఫసలీ సంవత్సరానికి 590 కలుపుకుంటే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది కాబట్టి అది 1919-20 నాటి కాగితం. కనుక ఖాస్రాలోని ఐలయ్య మా తాత. ఫసలీ 1329 నాటికి కాలం చేసిన ఐలయ్య ఆయన తాత. వంశవృక్షం గీయాలనుకునేవారు పేరు దొరికిన సంతోషంలో కాగితం మీది ఏడాదిని చూడడం మరచిపోతే ఇద్దరు మనుషులు ఒక్కరైపోయి, రెండు తరాలు మాయమవుతాయి.

ఆ నకలును నాకు చదివి పెట్టింది ఉర్దూ మీడియంలో చదువుకొని రెవెన్యూ శాఖలో గిర్దావరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన. నాలుగు మడతలుగా ఉన్న ఆ కాగితం మడతల దగ్గర చిరిగి, నాలుగు ముక్కలుగా విడిపోవడానికి సిద్ధంగా ఉన్నది. ఆయన దానిని ఒక అద్దం పలక మీద పరిచి, వేలు పెట్టకుండా ఒక అగ్గిపుల్లతో పంక్తి పంక్తి చూపిస్తూ చదివారు. పట్టాదారు ఐలయ్య ఫౌతీ అయినందున అతని కొడుకు కొమురయ్య పేరున విరాసత్ మంజూరు చేయవలసిందని, కొడుకు నాబాలిగు అయినందున, అంటే మైనరు అయినందున, తల్లి అతని సంరక్షకురాలిగా ఉంటుందని దాని సారాంశం. ఆ తల్లి పేరేమిటని నేను అడిగాను. ఆయన అదే పంక్తిని రెండుసార్లు చదివి, “పేరు రాయలేదమ్మా, ‘బేవా ఐలయ్య’ అని ఉంది, ఐలయ్య విధవ అని” అన్నారు. కాగితం అడుగున ఒక వేలిముద్ర ఉన్నది. సిరా ఎక్కువై ఒకవైపు అలుక్కుపోయినా మరొకవైపు గీతలు ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి. చిన్న వేలి ముద్ర అది. దాని పక్కన రాసినవారి అక్షరాల్లో కూడా ఆమె పేరు లేదు.

నాకు ఆ రోజు నుంచి ఆమె పేరు తెలుసుకోవడమే ముఖ్యమైన పనిగా తోచింది. మైనరు కొడుకును పక్కన పెట్టుకొని, సర్కారు కచేరీ దాకా నడిచిపోయి, వేలిముద్ర వేసి భూమిని నిలుపుకున్న మనిషి పేరు లేకుండా వంశవృక్షం రాయడం అన్యాయమనిపించింది.

భూమి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఫసలీ 1329 నకలులో మా పేరున రెండు రకాల భూమి ఉన్నది: చెరువు కింది తరి, మెట్ట మీది ఖుష్కి. ఖాస్రా పహాణీకి వచ్చేసరికి ఖుష్కి చెలక పట్టా మాదిగానే ఉన్నది గాని, తరి పొలానికి పట్టాదారు గడిలో వేరేవారి పేరు ఉన్నది. మా తాత పేరు సాగు చేస్తున్నవారి గడిలోకి జరిగింది. అంటే ఈ ముప్పై అయిదేండ్లలో పొలం చేతులు మారింది, దున్నే చేయి మాత్రం మారలేదు. కారణం ఏ కాగితంలోనూ లేదు. నాగు అని మేనత్త చెప్పింది. కరువు నాడు ధాన్యం అప్పు తెచ్చుకొని పంట మీద ఒకటికి ఒకటిన్నర చొప్పున కొలిచి ఇచ్చే ఆ అప్పు తెలంగాణ పల్లెల్లో ఎన్ని పొలాలను మింగిందో పాత తరం రైతులందరికీ తెలుసు. 1950 నాటి కౌలుదారీ చట్టం కింద తాత రక్షిత కౌలుదారుగా నమోదయ్యాడు. 1970లలో ఆ చట్టంలోని 38-ఈ సెక్షన్ కింద యాజమాన్య పత్రం వచ్చి ఆ పొలంలో ఎక్కువ భాగం తిరిగి మాదయింది. ఆ పత్రాన్ని బాపు చివరిదాకా ప్లాస్టిక్ సంచిలో చుట్టి దాచుకున్నాడు. పట్టాదారుల పేర్లు మాత్రమే వెతికేవారికి ఇటువంటి ఇండ్లు దొరకవు. తెలంగాణ రైతు కుటుంబాలను సాగుదారు గడిలో, రక్షిత కౌలుదారుల రిజిస్టరులో కూడా వెతకాలి.

కాగితాలు ఆగిపోయిన చోట మనుషులను అడగవలసి వచ్చింది. మొదట నేను వంశరాజుల కోసం వెతికాను. మా కాపు ఇండ్ల గోత్రాలు, వంశాలు చెప్పే పిచ్చుకుంట్లవారు ఇప్పుడు ఆ పేరుతో పిలుచుకుంటున్నారు. తెలంగాణలో చాలా కులాలకు వాటిని ఆశ్రయించుకొని చరిత్ర చెప్పే కులాలు ఉండేవి: గొల్లలకు మందహెచ్చులవారు, పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, గౌడులకు గౌడజెట్టివారు, మాదిగలకు డక్కలివారు. నా చిన్నతనంలో కళ్ళాల వేళ వంశరాజులు వచ్చి, వాకిట్లో నిలబడి, మా ఇంటిపేరు ఎత్తుకొని ఒక్క గుక్కలో పేర్లు చదివేవారు. తాత వాళ్ళకు ధాన్యం కొలిచి ఇచ్చి, తన పేరు వచ్చినప్పుడు తల ఊపేవాడు. ఆ ఇంటివారిని పట్టుకొని వారిలో ఒక పెద్ద మనిషి చేత చెప్పించి రికార్డు చేసుకున్నాను. పెద్ద ఐలయ్య, అంటే నకలులోని మా తాతకు తాత, తండ్రి కొమురయ్య అని, ఆయన కంటే ముందు మరి మూడు తరాల పేర్లు ఉన్నాయని, పెద్ద ఐలయ్యకు ఒక తమ్ముడు ఉండి వికారి కరువులో గోదావరి దాటిపోయాడని ఆయన చెప్పారు. ఇదంతా నాకు మరెక్కడా దొరకని సమాచారం. ఆయన గొంతు తడబడకుండా ఆ పేర్లను వరుసగా చెబుతుంటే విన్న నాకు ఆ విద్య మీద ఎంతో గౌరవం కలిగింది. కానీ ఆ వరుసలో ఒక్క ఆడమనిషి పేరు లేదు. నేను అడిగితే, “మా గురువులు చెప్పింది ఇంతే తల్లీ” అన్నారు.

వికారి అన్న మాట దగ్గర నేను కొంత ఆగి ఆలోచించాను. అరవై ఏండ్లకు ఒకసారి అదే పేరు తిరిగి వస్తుంది కాబట్టి వికారి 1899లోనూ వచ్చింది, 1959లోనూ వచ్చింది, 2019లోనూ వచ్చింది. పెద్ద ఐలయ్య 1919 నాటికే లేడు కాబట్టి ఆయన తమ్ముడు వలసపోయిన వికారి 1899-1900 నాటిదే అయి ఉండాలి. ఆ ఏడు దేశంలో పెద్ద కరువు పడిన ఏడని చరిత్రకు కూడా తెలుసు. పెద్దలు చెప్పే ఏండ్లను ఈ విధంగా ఏదో ఒక కాగితానికి కట్టి చూసుకుంటే తప్ప వాటిని రాసుకోకూడదని అప్పుడే నిశ్చయించుకున్నాను.

ఆడవాళ్ళ పేర్లు దొరికే తావు ఒకటి ఉన్నదని నాకు తట్టించింది మా అవ్వ. పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు మా ఇండ్లలో పెద్దలకు బియ్యం ఇస్తారు. బియ్యం, పప్పు, కూరగాయలు, చింతపండు చాటలో పోసుకొని అయ్యగారి ముందు కూర్చుంటే ఆయన తండ్రి, తాత, ముత్తాతల పేర్లను, తల్లి, నాయనమ్మ, తాత తల్లి పేర్లను అడిగి చెప్పించి నీళ్ళు వదిలిస్తారు. బాపు చేసినప్పుడు ఆయన తాత తల్లి పేరు కూడా చెప్పి ఉండాలి. ఆ తల్లే వేలిముద్ర వేసిన మనిషి. కానీ అన్న వంతు వచ్చేసరికి ఒక తరం ముందుకు జరిగింది, ఆ పేరు జాబితాలోంచి వెళ్ళిపోయింది. అవ్వకు ఆ పేరు సగం గుర్తున్నది: “సా అని మొదలైతది బిడ్డా. మీ పెద్దత్తకు తెలుస్తది, గామెను సాదింది ముసలవ్వనే గద.”

మా పెద్ద మేనత్తను జమ్మికుంట దిక్కు ఇచ్చారు. ఆధార్ కార్డులో ఆమె పుట్టిన తేదీ జనవరి 1. ఆ తరం వాళ్ళలో ఎంతోమందికి అదే తేదీ ఉన్నది. అసలు వయసు ఆమె మాటల్లోంచి తెలిసింది. పరకాలలో జెండా ఎత్తబోయినవారి మీద తుపాకులు పేలిన నాడు ఊళ్ళోకి పరుగెత్తుకొచ్చిన వాళ్ళను చూసి తాను తల్లి కొంగు పట్టుకొని ఏడ్చానని, అప్పటికి తనకు అయిదేండ్లు ఉంటాయని చెప్పింది. పరకాల కాల్పులు 1947 సెప్టెంబరు 2న జరిగాయి. కాబట్టి అత్త 1942 ప్రాంతంలో పుట్టి ఉంటుంది.

నేను బతుకమ్మకు పుట్టింటికి పోయే ముందు ఆమె దగ్గరకు పోయాను. నకలు ఫొటోను ఫోనులో చూపించి, ఈ వేలిముద్ర ఎవరిదత్తా అని అడిగాను. ఆమె ఫోనును దగ్గరకు తీసుకొని చాలాసేపు చూసింది. “సారవ్వ బిడ్డా,” అన్నది. “మా ముత్తవ్వ సారవ్వ. జరాల ఏడు మొగడు సచ్చిపోతే మా తాతను ఎంటబెట్టుకొని ఎవుసం జేసింది. మొగోళ్ళతోని సమానం మోట కొట్టేదట.” జరాల ఏడు ఏదని అడిగితే, తన నాయనమ్మ దాన్ని కాళయుక్తి అనేదని చెప్పింది. కాళయుక్తి అంటే 1918-19. ఇన్‌ఫ్లుయెంజా దేశాన్ని ఊడ్చిన ఏడు. మరుసటి ఏడాది ఫసలీ 1329లో విరాసత్ జరిగింది. అత్త చదువుకోలేదు, ఆ నకలు సంగతి ఆమెకు అంతకు ముందు తెలియదు. అయినా ఆమె నోటి మాటకూ ఆ కాగితానికీ ఏడాది తేడా కూడా రాలేదు.

సారవ్వ మా అత్త పెండ్లి దాకా బతికి ఉన్నది. కొడుకు కొమురయ్య, అంటే అత్తకు తాత, పోలీసు చర్యకు రెండేండ్ల ముందే పోయినా, ఆ తర్వాత మరో పదేండ్లు ఆమె ఆ ఇంటిని చూసుకున్నది. అత్త చెప్పిన దానిలో నేను మరవలేనివి చిన్న చిన్న సంగతులు. కళ్ళం మీద ధాన్యం కొలిచేటప్పుడు సారవ్వ పక్కనే నిలబడి, కుంచం నిండిన ప్రతిసారీ పైన సమంగా ఉండేలా దాన్ని సరిచేయించేదట. అప్పు తెచ్చిన నాగు ధాన్యం లెక్కను వంటింటి గోడ మీద బొగ్గుతో గీతలుగా గీసి, తీర్చినకొద్దీ ఒక్కొక్క గీతను తడి గుడ్డతో తుడిచేదట. పండుగకు ఇల్లు అలికి సున్నం వేసేటప్పుడు ఆ గోడ ఒక్కటి మాత్రం వదిలేసేవారట. ఎడమ చేతికి ఒకే వెండి కడియం ఉండేది. రెండోది తరి పొలం పోకుండా ఆపడానికి అమ్మింది, అయినా పొలం ఆగలేదు. అప్పటిదాకా నేను పహాణీ గడులు చూసి తెలుసుకున్న మార్పు వెనుక ఒక మనిషి చేతి కడియం ఉన్నదని తెలిసినప్పుడు నాకు కన్నీళ్ళు ఆగలేదు.

పేరు దొరికింది, ఇక ఆమె పుట్టిల్లు ఏది? అత్తకు ఊరి పేరు తెలియదు. “గా జంగల్ దిక్కు” అని మాత్రం అన్నది. అయితే రెండేండ్లకోసారి మాఘ పున్నమికి మేడారం జాతరకు ఎడ్లబండి కట్టుకొని పోయేవారని, సారవ్వ తన ఎత్తు బంగారం, అంటే బెల్లం, ఒకసారి మొక్కిందని, పోయేటప్పుడు ఒక రాత్రి ఆమె తమ్ముడి ఇంట్లో దిగేవారని, పొద్దున పిల్లలను పెద్ద చెరువు కట్ట మీదికి తీసుకపోయి రాతి గుడి చూపించేవారని చెప్పింది. గట్టమ్మ దగ్గర ఆగేవారా అని అడిగితే, తాము ఆ బాట పోయేవాళ్ళము కామని అన్నది. వరంగల్ నుంచి ములుగు బాటన పోయేవారు ములుగు దగ్గరి గట్టమ్మకు మొక్కకుండా ముందుకు పోరు. ఆ బాట కాకపోతే ఘనపురం మీదుగా పాలంపేట దిక్కు పోయి ఉండాలి. పెద్ద చెరువు, రాతి గుడి అంటే రామప్పే. కాబట్టి సారవ్వ పుట్టిల్లు పాలంపేట చుట్టుపక్కల, మా ఊరి నుంచి ఎడ్లబండి ఒక్క రోజులో చేరగలిగిన ఊరై ఉండాలని లెక్క వేసుకున్నాను.

ఆ దిక్కున వియ్యమందుకున్న మా దూరపు బంధువులను అడుగుతూ పోగా, ఒక ఊళ్ళో ఒక ఇంటివారు తమ ఇంటి ఆడబిడ్డను వెనుకట చలివాగు దిక్కు ఇచ్చారని వినేవారమని చెప్పారు. నేను, అన్న కలిసి వెళ్ళాము. ఆ ఇంటి పెద్దాయన నాకు వరుసకు తాత అవుతారు. ఆయనకు సారవ్వ పేరు తెలియదు. కానీ మేము ఏమీ చెప్పకముందే, ఆ ఆడబిడ్డ మొగడు జరాలతో పోతే దున్నడానికి ఎడ్లు లేవని తమ ముత్తాత జత ఎర్ర కోడెలను తోలుకపోయి ఇచ్చి వచ్చాడని ఆయన చెప్పారు. నేను అన్న ముఖం చూశాను. మేనమామలు ఇచ్చిన ఎర్ర కోడెలతోనే మా తాత తండ్రి మొదటిసారి నాగలి పట్టాడని అత్త మాకు అంతకు ముందే చెప్పి ఉన్నది. ఎన్నడూ ఒకరినొకరు చూసుకోని ఇద్దరు ముసలివాళ్ళు, రెండు జిల్లాల్లో ఉండి, నూరేండ్ల నాటి ఒకే జత కోడెల రంగును చెప్పిన తర్వాత నాకు వేరే రుజువు అవసరం అనిపించలేదు. ఆ ఇంటివారు మమ్మల్ని అన్నం తినకుండా పంపలేదు. ఆడబిడ్డ ఇంటివాళ్ళు ఇన్నాళ్ళకు వచ్చారని నాకు, మా వదినెకు అని రెండు రవికె బట్టలు పెట్టారు.

ఈ పనిలో నేను గమనించిన ముఖ్యమైన సంగతి ఇదే. ఊళ్ళో, అదే ఇంట్లో ఉండిపోయిన మా కాకలకు, పెద్దబాపు కొడుకులకు తాతను దాటి పేర్లు తెలియవు. భూమి పంపకాలు, గెట్ల తగాదాలు, ఏ మడి ఎవరికి వచ్చిందన్న సంగతి వారికి గుంటలతో సహా గుర్తున్నది గాని, మనుషులు గుర్తు లేరు. పదమూడు పద్నాలుగేండ్లకే అత్తగారి ఇండ్లకు పోయిన ఆడపడుచులకే అన్నీ గుర్తున్నాయి. బహుశా వాళ్ళు పరాయి ఊళ్ళో నాట్లు వేస్తూ, కలుపు తీస్తూ తల్లిగారి ఇంటి ముచ్చట్లను పక్క మనిషికి చెప్పుకుంటూ ఉండడం వల్ల అవి చెదరలేదేమో. పుట్టింట్లో వాటాగా గుంట భూమి రాని ఆ తరం ఆడవాళ్ళు ఆ ఇంటి వంశాన్ని మాత్రం తమ వెంట తీసుకపోయి భద్రంగా పెట్టుకున్నారు. మా ప్రాంతంలో వంశవృక్షం రాయాలనుకునే వారెవరికైనా నేను చెప్పేది ఒక్కటే: తహసీలు కార్యాలయానికి పోయే ముందు మేనత్తల దగ్గరకు పొండి, సద్దుల బతుకమ్మకు వాళ్ళంతా ఒకచోట చేరినప్పుడు పొండి, అందులోనూ పెద్దామె దగ్గరకు ముందు పొండి.

మా పెద్దత్తకు చూపు తగ్గుతున్నది. కిందటి బతుకమ్మకు ఆమెను కారులో తీసుకొచ్చి మిగతా అత్తలతో కలిపి కూర్చోబెట్టి, ఒక పూట అంతా వినిపించుకున్నాను. ఒకామె చెప్పిన పేరును మరొకామె దిద్దుతుంటే, ఎవరు ఎవరి కంటే పెద్దో, ఎవరి పిల్లలు చిన్నప్పుడే గత్తరకు (కలరాకు) పోయారో, ఎవరికి ఇల్లరికం వచ్చిన అల్లుడు ఉన్నాడో అన్నీ వచ్చాయి. ఇల్లరికం సంగతి వచ్చినప్పుడు మా ఊరి పహాణీలో ఎంత వెతికినా అర్థం కాని ఒక ఇంటిపేరు విషయం తేలిపోయింది. మామ పొలం అల్లుడికి రావడం వల్ల మా చెలక పక్కనే వేరే ఇంటిపేరుతో ఉన్న పట్టాదారు నిజానికి మా ఇంటి బంధువే. ఆ చెలకను ఊళ్ళో ఇప్పటికీ మా వాళ్ళ పేరుతోనే పిలుస్తారు.

ఇప్పుడు నా దగ్గర ఉన్న వంశవృక్షంలో ప్రతి మగవాడి పక్కన ఆయన భార్య పేరు, ఆ పేరు కింద ఆమె పుట్టిన ఊరు రాసి ఉన్నాయి. కాగితంతో రుజువైన పేర్లను నల్ల సిరాతో, ఇద్దరి నోట విన్న పేర్లను నీలి సిరాతో, వంశరాజుల నోట మాత్రమే విన్న పేర్లను పెన్సిలుతో రాశాను. పెద్ద ఐలయ్య తల్లి పేరు దగ్గర ఇంకా ఖాళీయే ఉన్నది. బాపు పేరు మీది భూమికి విరాసత్ పూర్తయింది. ఆ దరఖాస్తులో అవ్వ, మేమిద్దరు ఆడపిల్లలము సంతకాలు పెట్టాము, మా పేర్లు ఫైలులో పూర్తిగా ఉన్నాయి.

ఇక మిగిలింది వికారి కరువులో గోదావరి దాటిపోయిన తమ్ముడి శాఖ. మహదేవపూర్ దిక్కు ఇచ్చిన మా చిన్నత్త బిడ్డ, కాళేశ్వరం అవతల సిరొంచ దగ్గర ఒక ఊళ్ళో మా ఇంటిపేరు గలవారు ఉన్నారని, ఇంట్లో తెలుగే మాట్లాడతారని, పెద్దలు చలివాగు పేరు చెప్పేవారని ఫోను చేసి చెప్పింది. సిరొంచ నిజాం రాజ్యంలో లేదు. అప్పుడు అది ఇంగ్లిషువాళ్ళ మధ్యపరగణాలలో ఉండేది, ఇప్పుడు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో ఉన్నది. అక్కడ పహాణీ ఉండదు, సాత్‌బారా ఉంటుంది, అది మరాఠీలో ఉంటుంది. మరాఠీ చదవగలిగిన ఒక టీచరమ్మ నాతో రావడానికి ఒప్పుకున్నారు. యాసంగి నాట్లు అయిపోగానే అన్నకు కూడా తీరిక దొరుకుతుంది. అప్పుడు ముగ్గురం కలిసి పోదామనుకుంటున్నాము.